తమ్ముడి సైడు పిన్నులు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మా అవ్వ కాలం సంగతి చెబుతున్నానని అనుకుంటారేమో, అంత దూరం పోనక్కర్లేదు. పన్నెండేళ్ళ కిందటి మాట. అప్పటికే అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి. ఎమ్మిగనూరు బస్టాండులో నిలబడి ఆడపిల్ల ఆ ఫోనులో ఏం చూసుకుంటున్నా అడిగేవాళ్ళు లేరు. చేతిలో వారపత్రిక ఉంటే సరే, పోటీ పరీక్షల పుస్తకం ఉంటే మంచిదే, వంటల పుస్తకమైతే మహా సంతోషం. కానీ డిగ్రీ అయిపోయి, ఉద్యోగంలో చేరి, ఇంట్లో సంబంధాలు చూస్తున్న పిల్ల బస్సులో కూర్చుని బొమ్మల కథల పుస్తకం తెరిచిందంటే మాత్రం పక్క సీటావిడ ముందు పుస్తకాన్ని, తర్వాత మొహాన్ని, చివరికి కాలికి మెట్టెలు ఉన్నాయో లేవో చూసి, పాపం అన్నట్టు కిటికీ వైపు తిరిగేది. నాకేమో ఆ పుస్తకాలంటే ప్రాణం. ధైర్యం మాత్రం లేదు. ఈ రెండూ ఒకే మనిషిలో చేరితే ఆ మనిషి అబద్ధం ఆడక తప్పదు. నా అబద్ధానికి ఒక తమ్ముడు పుట్టాడు (మా అమ్మకు తెలియకుండా).

మాది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. ఉద్యోగం ఆదోనిలో, ఒక పత్తి వ్యాపారి ఆఫీసులో కంప్యూటర్ ముందు. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. ఆఫీసు నుంచి బస్టాండుకు నడిచే దారిలో, గాజుల అంగళ్ళ సందు చివర ఒక పాత పుస్తకాల అంగడి ఉండేది. ముందు వైపు చెదలు తిన్న పాఠ్యపుస్తకాలు, లోపల గోడ నిండా బొమ్మల కథలు. చదివి తెచ్చిస్తే ఇంకొకటి ఇచ్చే పద్ధతి. అంగడి ఆయన్ని ఊరంతా చాచా అనేది. తెల్లగడ్డం, ముక్కు చివర కళ్ళద్దాలు. లోపల ఒక పొడుగు బల్ల, దాని మీద ఎప్పుడు చూసినా నలుగురైదుగురు మగవాళ్ళు. కాలేజీ కుర్రాళ్ళు, డ్యూటీ దిగిన కండక్టరు ఒకాయన, చివరికి నెత్తి నెరిసిన లెక్కల అయ్యవారు కూడా మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని లోకం మరిచిపోయి ఉండేవారు. ఆడమనిషి ఆ గడప దాటడం నేను ఒక్కసారీ చూడలేదు. దాటకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు. పెట్టి ఉంటే కనీసం పోట్లాడటానికైనా వీలుండేది.

రెండు వారాలు ఎదురంగడిలో గాజులు చూస్తున్నట్టు నిలబడి ఆ గోడనే చూశాను (అవసరం లేని గాజులు మూడు డజన్లు చేరాయి). చివరికి ఒక సాయంత్రం మెట్టు మీద ఒక కాలు, వీధిలో ఒక కాలు పెట్టి, ఏ క్షణంలోనైనా బస్సుకు పరుగెత్తేదానిలా నిలబడ్డాను. చాచా తలెత్తి ఏం కావాలని అడిగాడు. బల్ల మీది మగవాళ్ళందరూ పేజీలు తిప్పడం ఆపారు. "మా తమ్మునికి," అన్నాను. అంతే, పేజీలు మళ్ళీ తిరిగాయి, లోకం చల్లబడింది. ఆ ఒక్క మాటకు ఇంత మహిమ ఉందని తెలిసి ఉంటే రెండు వారాలు గాజులు కొనేదాన్ని కాదు.

తమ్ముణ్ణి పుట్టించడం సులభమే గానీ పెంచడం కష్టం. ఏ తరగతి అని అడిగాడు చాచా, ఏడు అన్నాను. వాడే ఎందుకు రాడంటే కోడుమూరు హాస్టల్లో ఉన్నాడన్నాను. మరి వారానికి మూడు పుస్తకాలు కోడుమూరుకు ఎట్లా పోతున్నాయంటే ఆ బస్సు డ్రైవరు మాకు చుట్టం అన్నాను. పుస్తకం తిరిగి ఇచ్చిన ప్రతిసారీ చాచా "మీ తమ్ముడు ఏమన్నాడు?" అని అడిగేవాడు. అక్కడ నాకు నోరు ఆగేది కాదు. మెట్టు మీద నిలబడే, దొంగల నాయకుడి మొహం రెండో పేజీలో ఒక తీరుగా, ఆఖరి పేజీలో ఇంకొక తీరుగా ఎందుకు ఉందని, ఆడవాళ్ళ బొమ్మలన్నిటికీ ఒకే ముక్కు ఎందుకు వేస్తారని పావుగంట వాదించి, చివర గుర్తొచ్చి "అని మా తమ్ముడు అన్నాడు" అని చేర్చేదాన్ని. చాచా గడ్డం నిమురుకుని, "ఏడో తరగతికే శానా తెలివి బేటీ వానికి," అనేవాడు. నిజం చెప్పొద్దూ, లేని తమ్ముణ్ణి మెచ్చుకుంటుంటే నాకు గర్వంగా ఉండేది.

ఇంట్లో మాత్రం తమ్ముడి పప్పులు ఉడకవు కదా. అందుకని బస్సులోనే, సంచిలో పుస్తకం పెట్టుకుని, సంచి మూతి తెరిచి తల దూర్చి చదివేదాన్ని. స్టాపు రాగానే జడలోంచి ఒక సైడు పిన్ను తీసి పేజీకి గుచ్చి దిగిపోయేదాన్ని. జడ చెదిరిపోయి నేను ఇల్లు చేరుతుంటే మా అమ్మ, "నెలకు రెండు అట్టల పిన్నులు తెస్తాండావు, తింటాండావా ఏంది?" అని నిలదీసేది. గుచ్చింది దిగగానే మరిచిపోయేదాన్ని కాబట్టి, ఏమవుతున్నాయో నాకూ తెలిసేది కాదు.

అలా మూడు నెలలు గడిచాక గుర్రపు రాణి నా జీవితంలోకి వచ్చింది. ఆమె మొహానికి గుడ్డ కట్టుకుని, నల్లగుర్రం ఎక్కి, బందిపోట్లను తరిమే అమ్మాయి. మూడు భాగాల కథ. రెండో భాగం చివర వంతెన తెగి, రాణి గుర్రంతో సహా లోయ అంచున గాల్లో ఉండగా ఆపేశారు. మూడో భాగం అడిగితే చాచా లేదన్నాడు. నాకు ఆఫీసులో చేతులు ఆడలేదు, అన్నం సహించలేదు. నాలుగు రోజులు వరసగా అడిగాను. అయిదో రోజు, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, తమ్ముడికి టైఫాయిడ్ తెప్పించాను. హాస్టలు నుంచి ఇంటికి వచ్చేశాడని, మంచం దిగలేకపోతున్నాడని, మగతలో కూడా రాణి ఏమైందని అడుగుతున్నాడని చెప్పాను. చెబుతుంటే నాకే వాడి మీద జాలేసింది.

చాచా చేతిలో పుస్తకం మూసి పక్కన పెట్టాడు. లేచి, వెనక చెక్కపెట్టె తాళం తీసి, ఉర్దూ పేపరులో చుట్టిన పుస్తకం ఒకటి తెచ్చాడు. అదే మూడో భాగం. "ఇది అంగడిది కాదు బేటీ, నా బిడ్డది. ఆలూరులో ఇచ్చినాము. పండగకూ పబ్బానికీ వచ్చినప్పుడు ముందు ఇది చదువుకొని ఆ పైన మాతో మాట్లాడుతుంది. శుక్రవారం వస్తాంది. దానికి ముందు రోజే, బేస్తవారం నాకు తెచ్చియ్యాల," అన్నాడు. ఆ బిడ్డ చిన్నప్పుడు ఆ అంగట్లోనే, ఆ బల్ల మీదే కూర్చుని చదివేదట. పదమూడేళ్ళు రాగానే మగవాళ్ళ మధ్యలో ఆడపిల్లేందని చుట్టాలు అనేసరికి ఇంటికి పంపేశారట. పోతూ పోతూ ఆ ఒక్క పుస్తకం మాత్రం పట్టుకుపోయి, పెళ్ళయి పోయేటప్పుడు దాచమని నాన్నకే ఇచ్చిందట. "నేను వద్దనలేదు. వద్దన్నోళ్ళకు ఎదురూ చెప్పలేదు," అని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఆ మాటకే నేను నిజం చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేదు. పుస్తకం గుండెకు హత్తుకుని బస్సెక్కాను.

అది సోమవారం. సంచిలో పెట్టి నలపడానికి మనసొప్పలేదు. ఇంట్లో ఎక్కడ దాచినా అమ్మ ఊడ్చేటప్పుడు బయటపడుతుంది. ఊడ్పు తగలని చోటు మా ఇంట్లో ఒకటే, మా పెదనాన్న డిజైన్ల అట్టపెట్టె. పెదనాన్న మగ్గం నేయడు, మగ్గానికి డిజైను గీస్తాడు. ఏ బొమ్మ అంచు మీదికి రావాలో దాన్ని గళ్ళకాగితం మీద పోగు పోగుగా లెక్కేసి గీస్తే, ఆ లెక్క ప్రకారం అట్టలకు బెజ్జాలు కొడతారు, ఆ అట్టలు మగ్గం పైన తిరుగుతుంటే కింద గుడ్డ మీద బొమ్మ పడుతుంది. అందుకే ఆయన కాగితాల పెట్టెను ఇంట్లో ఎవరూ ముట్టుకోరు, ఒక్క పెదనాన్న తప్ప. ఆ ఒక్కటీ నేను ఆలోచించలేదు.

ఇంకొకటి కూడా ఆలోచించలేదు. మాకు చీరల ఆర్డర్లిచ్చే ఆదోని షావుకారు మనిషి వారానికి ఒకసారి వచ్చి, పెళ్ళికార్డో, పాత క్యాలెండరో, గోడకాగితాల పుస్తకమో ఏదో ఒకటి ఆ పెట్టెలో వేసి పోయేవాడు. కావాల్సిన బొమ్మ ఉన్న పేజీకి ఒక పిన్ను గుచ్చడం వాళ్ళ అలవాటు. పిన్ను ఉందంటే అది ఆర్డరు. పెదనాన్న ఎందుకు, ఏమిటి అని అడగడు. అడిగితే షావుకారుకు కోపమని కాదు, ఆయనకు బొమ్మ బొమ్మగా కనిపించదు, పోగులుగా కనిపిస్తుంది, అంతే. మంగళవారం పొద్దున నేను నడిమి పేజీ దాకా చదివి, రాణి లోయ మీదుగా గుర్రాన్ని ఎగరేసే ఆ పెద్ద బొమ్మ దగ్గర సైడు పిన్ను గుచ్చి, పుస్తకం పెట్టెలో పెట్టి ఆఫీసుకు పోయాను. ఆ రోజూ మరుసటి రోజూ ఆఫీసులో పని తెమలక, ఇంటికొచ్చాక పెట్టె దగ్గరికి పోయే సందు దొరకలేదు.

బుధవారం సాయంత్రం మా పెదనాన్న వసారాలో ఎంతో సంతోషంగా ఉన్నాడు. "ఇన్నేండ్లలో ఇట్లాంటి బొమ్మ రాలేదు పాపా, ఎప్పుడు చూసినా మామిడిపిందె, నెమలి, మామిడిపిందె, నెమలి. ఇదిగో చూడు," అని ఒక అట్ట చూపించాడు. చూశాను. గుర్రపు రాణి. పుస్తకం కుట్టిన పిన్నులు ఊడదీసి, నడిమి కాగితాన్ని మైదా పిండితో అట్టకు అతికించి, రాణి మొహం మీద, గుర్రం మీద, లోయ మీద ఎర్రసిరాతో సన్నని గళ్ళు గీసేశాడు. ఎంత నీటుగా గీశాడంటే, తుడిచే ఆశ కూడా లేదు. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

ఏడుస్తూ ఆ పుస్తకం ఎవరిదో చెప్పాను. సగమే చెప్పాను, తమ్ముడి సంగతి మింగేశాను. అమ్మ బొమ్మల పుస్తకాల మీద తిట్లు అందుకోబోతుంటే పెదనాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన మొహం నా మొహం కంటే చిన్నబోయింది. ఒకరి వస్తువు చెడిపింది తానని, రేపు తానే వచ్చి చెబుతానని అన్నాడు. వద్దు పెదనాన్నా, నేను చెప్పుకుంటా అని ఎంత బతిమాలినా వినలేదు. నాకు అప్పుడు పుస్తకం సంగతి కంటే తమ్ముడి సంగతి ఎక్కువ భయం పట్టుకుంది. చాచా చూడగానే అడిగేది వాణ్ణే. ఆ మెట్టు మీద నా అబద్ధం పగిలిందంటే, మళ్ళీ ఆ సందులోకి ఏ మొహం పెట్టుకుని పోవాలి? ఆ గోడ, ఆ పుస్తకాలు, మూడు నెలల సంతోషం, అన్నీ ఆ పూటతో సరి.

గురువారం నాడు సెలవు పెట్టి, పొద్దున బస్సులో పెదనాన్న పక్కన కూర్చున్నాను. ఆయన ఒళ్ళో గుడ్డలో చుట్టిన అట్ట, మిగతా పుస్తకం. ఊరు దాటాక గొంతు సవరించుకుని, తమ్ముడికి ఎట్లా ఉందని అంగడాయన అడిగితే బాగున్నాడని చెప్పమన్నాను. ఎవరి తమ్ముడని అడిగాడు. "నా తమ్ముడు," అన్నాను. పెదనాన్న రెండు స్టాపులు దాటేదాకా ఒళ్ళోని గుడ్డ ముడి సర్దుకుంటూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా నా వైపు తిరిగి, "పేరు పెట్టినావా వానికి?" అని అడిగాడు. పెట్టలేదన్నాను. తలాడించి మళ్ళీ కిటికీలోంచి పత్తి చేలు చూడసాగాడు. ఆ తలాడింపులో ఏముందో ఆదోని వచ్చేదాకా నాకు అంతుపట్టలేదు.

అంగడి దగ్గరికి పోయేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. చాచా పక్కన, గల్లాపెట్టె మీద మోచెయ్యి ఆనించుకుని, బురఖా ముసుగు వెనక్కి వేసుకుని ఒకావిడ నిలబడి ఉంది. చాచా బిడ్డే, ఒక రోజు ముందే వచ్చేసింది. పొద్దున్నే కాబట్టి బల్ల మీద ఎవరూ లేరు, అదొక్కటే దేవుడి దయ. నేను యథాప్రకారం మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాను. నా వెనక పెదనాన్న. చాచా మమ్మల్ని చూసీ చూడగానే, తమ్మునికి జ్వరం ఎట్లుందని అడిగాడు. అప్పుడు, పుట్టి బుద్ధెరిగాక ఒక్క అబద్ధం ఆడి ఎరగని మా పెదనాన్న, చేతులు కట్టుకుని వినయంగా, "తగ్గిందన్నా. కొంచెం నీరసంగా ఉండాడు, అంతే," అన్నాడు.

చాచా ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. గల్లాపెట్టె కింద నుంచి ఒక చిన్న టీగ్లాసు తీసి మా ముందు పెట్టాడు. దాంట్లో సైడు పిన్నులు. నల్లవి, ఒకటి రెండు రంగు పోయినవి. "పదకొండు ఉండాయి. మూడు నెలల నుంచి మీ తమ్ముని పుస్తకాల్లో దొరికినవి. జడ బాగా పొడుగేమో వానికి," అన్నాడు.

ఆ క్షణంలో భూమి విచ్చుకుంటే లోపలికి పోయేదాన్ని. కానీ విచిత్రం, సిగ్గుతో పాటే గుండె మీది నుంచి ఏదో బరువు దిగిపోయింది. అంటే ఆయనకు మొదటి నుంచీ తెలుసు. తెలిసే, వాడు ఏమన్నాడని రోజూ అడిగాడు. నా మాటలు నావేనని తెలిసే పావుగంటలు విన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, ముక్కు చీదుకుంటూ, తమ్ముడు లేడు చాచా, టైఫాయిడ్ కూడా లేదు అని చెప్పేశాను. "లేకుంటేనే మేలు, ఎంత దిగులుపడినానో," అన్నాడు చాచా. అది ఎగతాళో నిజమో ఈ రోజుకూ నాకు తెలియదు.

ఇంక మిగిలింది పెదనాన్న పని. ఆయన గుడ్డ విప్పి, అట్టను ఆవిడ ముందు పెట్టి, తప్పు తనదని, పిన్ను చూసి ఆర్డరనుకున్నానని చెప్పాడు. ఆవిడ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. వేలితో గుర్రం మెడ మీది గళ్ళు తడిమింది. ఆ పుస్తకం ఆమె చిన్నతనమంతా కదా. చివరికి ఈ గళ్ళేందని అడిగింది. ఒక్కో గడి ఒక్కో పోగని, ఇవి చూసే అట్టలకు బెజ్జాలు కొడతారని పెదనాన్న చెప్పాడు.

"అంటే ఈమె గుడ్డ మీదికి వస్తుందా?"

"వస్తుందమ్మా. అంచు పొడుగునా ఉరుకుతుంది. ఒకటి కాదు, ఇరవై గుర్రాలు."

ఆవిడ మొహం చూడాలి మీరు. ముప్ఫై అయిదేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, పదమూడేళ్ళ పిల్లలా నవ్వింది. పుస్తకంలో అయితే పెట్టెలోనే ఉంటుందని, గుడ్డ మీదైతే బయట తిరుగుతుందని, నేసి తెమ్మని అంది. తర్వాత నా వైపు తిరిగింది. నేనింకా మెట్టు మీదే, ఒక కాలు వీధిలో. "నేను ఈ మెట్టు దిగి పదేండ్లు ఇంట్లో నిలబడుకొని చదివినాను, ఎవరన్నా వస్తే దాచిపెట్టేదానికి వీలుగా ఉంటుందని. లోపలికి రా, కూర్చో. నిలబడి చదివితే కాళ్ళు నొస్తాయి," అంది. నేను గడప దాటాను. అంతే, ఏమీ కాలేదు. బల్ల చల్లగా ఉంది. ఆవిడ నా పక్కన కూర్చుని, నేను చదవని సగం కథ, నడిమి పేజీలు లేని ఆ మూడో భాగంలోంచి, బొమ్మలు వేలితో గాలిలో గీస్తూ చెప్పింది. రాణి లోయ దాటింది. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ రోజు నుంచి ఆవిడ నాకు ఆపా, అంటే అక్క, అయింది.

పెదనాన్న మాట నిలబెట్టుకున్నాడు. షావుకారు మాత్రం గుర్రాలు ఎవరు కట్టుకుంటారని ఆ అంచు చీరల మీదికి వద్దన్నాడట. దాంతో నమూనాగా నేసిన మూడు గజాల గుడ్డను పెదనాన్న చాచాకే ఇచ్చాడు. చాచా దాన్ని గుమ్మానికి పరదాగా కట్టాడు. ఆదోనిలో ఆడవాళ్ళ కళ్ళు అంచు మీద పడకుండా ఉంటాయా? గాజులకొచ్చిన వాళ్ళందరూ వచ్చి పరదా పట్టుకుని చూసి, ఈ అంచు ఎక్కడిదని, చీర ఉందా అని అడగడం, ఇది చీరల అంగడి కాదమ్మా అని చాచా చెప్పడం, మరి ఈ గుర్రం మీది ఆడమనిషి ఎవరని వాళ్ళు అడగడం, చాచా మొదటి భాగం తీసి చేతిలో పెట్టడం. ఆరు నెలలకు రెండో బల్ల వేయాల్సి వచ్చింది. లెక్కల అయ్యవారు కొంచెం జరిగి కూర్చోవడం నేర్చుకున్నారు (ఆయనకు కష్టమే అయింది).

మొన్న ఆదివారం నేను ఆ బల్ల మీదే కూర్చుని ఉన్నాను. పరదా రంగు వెలిసింది గానీ గుర్రాలు ఇంకా ఉరుకుతూనే ఉన్నాయి. ఇంటరు చదివే పిల్లొకతి వచ్చి, మెట్టు మీద ఒక కాలు పెట్టి, మా అన్నకు అని అడిగింది. చాచాకు ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు, అయినా తల తిప్పి నా వైపు చూశాడు. నేను బల్ల మీద కొంచెం పక్కకు జరిగాను. ఆ పిల్ల జరిగిన చోటును కాసేపు చూసి, వీధి అటూ ఇటూ చూసి, వచ్చి కూర్చుంది.

బస్సులో తిరిగి వస్తుంటే నాకు మా తమ్ముడు గుర్తొచ్చాడు. పాపం, వాణ్ణి అంత అర్ధాంతరంగా వదిలేశాను, ఒక పేరైనా పెట్టలేదు. నేను గడప దాటలేని రోజుల్లో నా బదులు దాటింది వాడే కదా. ఉండి ఉంటే వాడికి ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళు. టైఫాయిడ్ తగ్గిందనే చెప్పాడు మా పెదనాన్న, కొంచెం నీరసం మాత్రం ఉందన్నాడు. ఈపాటికి అదీ తీరిపోయి ఉంటుంది.